అన్నవాహిక క్యాన్సరు వ్యాప్తి - సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల పాత్ర

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

ఈ మహాసభయందు విద్యార్థి వేతనములను గుఱించియు, మరమగ్గముల విద్యుత్తు ధరలను గుఱించియు, సంఘ భవన నిర్మాణమును గుఱించియు పెద్దలు ప్రసంగించిరి. వానికి దూరముగా గన్పట్టు విషయము నొకదానిని మేము మీ ముందుంచ దలచితిమి. మేము వైద్యులము కాము. ముప్పదినాలుగు వత్సరములు పాఠశాలలయందు సంస్కృతాంధ్రములను బోధించి విశ్రాంతి గొనినవారము. శబ్దములును, సంధులును, సమాసములును మా విద్య. అట్టివారము శరీరమునందలి కణములను గుఱించి పలుకబూనుట సాహసమే. ఐనను మా బంధువర్గమున జరిగిన యొక సంగతి మమ్మీ సాహసమునకు బురికొల్పినది. దానిని ముందు విన్నవించి, పిదప విషయమునకు వత్తుము.

మా చెల్లెలి పెనిమిటి సిరిసిల్లయందు మరమగ్గములు నడపి సంసారము నీడ్చినవాడు. రాత్రి పాళీలలో నిద్ర రాకుండుటకై బీడీయు, పొగలు గ్రక్కు తేనీరును ఆయనకు దోడు. ఒక సంక్రాంతి పండుగకు మా యింటికి వచ్చి భోజనమునకు గూర్చుండి, "బావా, రొట్టె దిగుతలేదు, ఎదల అడ్డం వడుతున్నది" అనెను. మేము నవ్వి, అది వాతమని చెప్పి, శొంఠి నీరు త్రాగుమంటిమి. అంతటితో నాగక శొంఠి గుణములను దెల్పు శ్లోకము నొకదానిని జదివి వినిపించితిమి. పెద్ద చదువు చదివిన బావ చెప్పినాడు గదా యని ఆయన మా మాట నమ్మెను.

అటుపిమ్మట జొన్నరొట్టె మాని గటక, గటక మాని అంబలి, అంబలియు దిగక పలుచని మజ్జిగ. ఇట్లు ఏడు నెలలు గడచినవి. ఇంటిలోనివారికి అనుమానము కలిగియు వెలికి జెప్పలేదు. ఏలయనగా కుమార్తెకు సంబంధము కుదిరి యుండెను. "తండ్రికి రాచపుండట" యను మాట పుట్టినచో ఆ సంబంధము తప్పిపోవునని వారి భయము. వివాహమైన పదునైదవ నాడు ఆయనను హైదరాబాదునకు గొనిపోయి, నోటినుండి సన్నని గొట్టము పంపి లోపల జూచు పరీక్ష చేయించిరి. అన్నవాహికయందు క్యాన్సరు. అది అప్పటికే మెడయందలి లసికాగ్రంథులకు బ్రాకినది. ఆ తర్వాత ఆయన బ్రదికినది ఐదు నెలలు.

అచ్చటి యువవైద్యుడొకడు మాకు కాగితముపై బొమ్మ గీసి చూపి, పుట్టిన చోటనే యున్న గడ్డను కోసి తీయవచ్చుననియు, కదలిపోయిన కణములను వెదకి పట్టుట కష్టమనియు జెప్పెను. కణము కదలనేల? ఇన్నాళ్లు తన చోట నడగి మడగి యున్నది ఒకనాడు ఇల్లు విడుచుటకు హేతువేమి? ఈ ప్రశ్న మమ్ము విడువలేదు. మా కనిష్ఠ పుత్రిక జీవశాస్త్రమున బట్టభద్రురాలు. అక్షరాభ్యాసము చేయించిన మేమే ఆమె ముందు శిష్యులమై కూర్చుంటిమి. ఆమె బోధించినదానిలో మాకు దెలిసినంత మీకు నివేదింతుము.

అన్నవాహిక యనగా గొంతునుండి జీర్ణాశయము వఱకు దిగు కండరపు గొట్టము. పెద్దవారియందు దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దాని లోపలి పొర, పొలుసులవంటి కణములు వరుసలుగా బేర్చిన యస్తరు. మన దేశమున అన్నవాహిక క్యాన్సరు అధికముగా ఈ పొలుసు కణములయందే పుట్టుచున్నది. ఈ గొట్టమునకు రెండు స్వభావములు గలవు. రెండును మనకు ప్రతికూలములే. మొదటిది, అది సాగునట్టిది; కావున మార్గము మిక్కిలి ఇఱుకైన పిదపగాని ముద్ద అడ్డుపడదు. రెండవది, లోపొర క్రిందనే లసికానాళములు దట్టముగా నల్లుకొని యున్నవి. ప్రేగులలో బెక్కుభాగములకు గల వెలుపలి కప్పువంటి పొరయు దీనికి లేదు. కావున ఇచ్చట బుట్టిన క్యాన్సరు పొరుగున కేగుటకు దూరపు ప్రయాణము చేయ నక్కఱలేదు.

మన వృత్తిలోని పోలిక చెప్పుదము. పడుగును పేకయు పెనవైచికొని యున్నంత కాలము గుడ్డలోని దారము జారిపోదు. అన్నవాహికయందలి కణములును అట్లే ఒకదాని నొకటి పట్టుకొని యుండును. ఆ పట్టునకు ముఖ్యమైనది ఇ-క్యాడ్‌హెరిన్ అను మాంసకృత్తు. అది తఱిగినచో కణము వదులగును. వదులైన కణము ఆకృతిని మార్చుకొని, సన్నని కాళ్లవంటివి చాచి, అడుగు పొరను దొలుచుకొని, లసికానాళమున బ్రవేశించి, వేఱొక చోట దిగి కాపురము పెట్టును. క్యాన్సరు వ్యాప్తి యనగా నిదియే. ఇందు ప్రతి యడుగునను అనుమతించుటకును, అడ్డగించుటకును కణమునందు నియమము లున్నవి. ఆ నియమములను నడుపువానిలో సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు, అనగా మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, ముఖ్యములు.

ఇవి యేమి? కణ కేంద్రమునందు డీఎన్‌ఏ యను మూలగ్రంథ మున్నది. కంటి కణమునందును, కాలేయపు కణమునందును గ్రంథ మొక్కటియే. చదువబడు అధ్యాయములు వేఱు. ఒక్కొక్క జన్యువునకు సందేశ ఆర్‌ఎన్‌ఏ యను ప్రతి వ్రాయబడి కేంద్రమునుండి వెలికి వచ్చును. దానిని జదివి కణము మాంసకృత్తును నిర్మించును. సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ యన్ననో, సుమారు 22 అక్షరముల తునక మాత్రమే. అది స్వయముగా నే మాంసకృత్తునకును సందేశము గాదు. తనలోని కొన్ని యక్షరములతో జతపడు సందేశమును వెదకి, దాని తుదిభాగము నంటుకొని, ఆ సందేశము చదువబడకుండ జేయును. లేదా అది త్వరగా నశించునట్లు చేయును.

వ్యాకరణము చదివినవారి కిది వింతగా దోపదు. సామాన్యవిధిని ఉత్సర్గ మనియు, దానిని ఒక తావున బాధించు విశేషవిధిని అపవాద మనియు మేము బాలురకు జెప్పుచుంటిమి. అపవాదము కొత్త పదమును సృష్టింపకపోవచ్చును. ఉన్న విధిని ఆ చోట ప్రవర్తింప నీయదు. అంతమాత్రముననే రూపము మాఱిపోవును. సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల పనియు నట్టిదే. ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ వందలాది సందేశముల నదుపులో నుంచగలదు. ఒకే సందేశమును అనేక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు అదుపు చేయగలవు.

వీనిని గనుగొన్న చరిత్ర చిత్రమైనది. 1993వ సంవత్సరమున అమెరికాయందు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అను శాస్త్రజ్ఞులు ఒక మిల్లీమీటరు పొడవు గల పురుగును పరిశీలించుచు, లిన్-4 యను నొక చిన్న ఆర్‌ఎన్‌ఏ లిన్-14 అను జన్యువు సందేశమును అడచుచున్నదని వెల్లడించిరి. ఇది పురుగునకు మాత్రమే చెందిన విడ్డూరమని పెక్కురు తలచిరి. 2000వ సంవత్సరమున లెట్-7 అను రెండవ దానిని రవ్‌కున్ బృందము ప్రకటించెను. అది మానవునియందును గలదని తేలినప్పుడు లోకము కన్ను తెఱచినది. 2002లో కార్లో క్రోచే, జార్జి కాలిన్ అనువారు ఒక విధమైన రక్త క్యాన్సరునందు మిర్-15, మిర్-16 అనునవి లోపించుట జూపి, వీనికిని క్యాన్సరునకును గల సంబంధమును మొదట నిరూపించిరి. 2024లో ఆంబ్రోస్, రవ్‌కున్ ఇరువురకు వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. మానవునియందు వేయికి మించిన సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ లున్నట్లు శాస్త్రజ్ఞులు లెక్కించిరి.

ఇక ప్రకృతమునకు వత్తుము. అన్నవాహిక క్యాన్సరు కణములు ఇల్లు విడుచుటలో వీని పాత్ర యెట్టిది?

మొదటి సంగతి, కణముల పట్టును గూర్చినది. జెబ్-1 అను మాంసకృత్తు ఇ-క్యాడ్‌హెరిన్ పుట్టకుండ నడ్డగించును. ఆ జెబ్-1ను మిర్-200 కుటుంబమునకు జెందిన సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు అణచి యుంచును. దొంగపై కావలియున్నంత వఱకు ఇల్లు భద్రము. మిర్-200 తఱిగినచో జెబ్-1 విజృంభించును, ఇ-క్యాడ్‌హెరిన్ క్షీణించును, కణము వదులగును. ఈ క్రమమును 2008లో ఆస్ట్రేలియాయందలి అడిలైడ్ పరిశోధకులు తెలిపిరి. ఇది అన్నవాహికకు మాత్రమే గాక పెక్కు అవయవముల క్యాన్సరులకు జెందిన నియమము. అన్నవాహికయందు మఱియొక త్రోవయు గలదు. మిర్-92ఎ యనునది నేరుగా ఇ-క్యాడ్‌హెరిన్ సందేశమునే అణచుచున్నదనియు, తద్ద్వారా ఈ పొలుసు కణముల వ్యాప్తికి దోడ్పడుచున్నదనియు 2011లో చీనాదేశపు పరిశోధకులు ప్రకటించిరి. ఒకటి తక్కువైనను కీడే. మఱియొకటి యెక్కువైనను కీడే.

రెండవ సంగతి, కణము నడచుటను గూర్చినది. కణమునకు కాళ్లవంటివి మొలచుటకు ఫాసిన్ అను మాంసకృత్తు కావలెను. అది కణములోపలి సన్నని తంతువులను కట్టలు గట్టి బిగువు గలిగించును. ఆరోగ్యముగా నున్న అన్నవాహికయందు మిర్-145, మిర్-133ఎ, మిర్-133బి యనునవి ఫాసిన్‌ను మితములో నుంచును. క్యాన్సరు గడ్డలో నీ మూడును తఱిగియున్నవని 2010లో జపానుదేశపు పరిశోధకులు కనుగొనిరి. ప్రయోగశాలయందు వానిని కణములకు మఱల నందించినపుడు ఆ కణముల పెరుగుదలయు, చొచ్చుకొనిపోవు శక్తియు దగ్గినవి.

మూడవ సంగతి, హద్దు మీఱుటను గూర్చినది. మిర్-21 అనునది అన్నవాహిక క్యాన్సరునందు హెచ్చుగా నుండును. అది పీడీసీడీ-4 అను రక్షక మాంసకృత్తు నణచి, కణములు వృద్ధిచెంది చొచ్చుకొనిపోవుటకు దారి దీయుచున్నదని 2009లో జపానునందే తేలినది. మిర్-10బి యనునది కేఎల్‌ఎఫ్-4 అను మఱియొక నియామకము నణచి కణముల సంచారమును బెంచుచున్నదని 2010లో వెల్లడియైనది.

వీనినన్నిటిని గలిపి చూచినచో దేలునదేమి? కణము ఒక్కనాడు ఒక్క కారణముచే దుష్టముగాదు. దానిని నిలిపి యుంచిన చిన్న చిన్న నిషేధములు ఒకటొకటిగ సడలును. ఉండగూడని నిషేధములు బలపడి మంచి మాంసకృత్తుల నోరు నొక్కును. దీనికి దినములు గాక నెలలు, సంవత్సరములు పట్టును. మా చెల్లెలి పెనిమిటి రొట్టె మాని గటక, గటక మాని అంబలి త్రాగిన ఏడు నెలలును లోపల ఈ పని సాగుచునే యుండెను. మేము దానికి శొంఠి నీరు పోయించితిమి.

ఐనచో వీనిని సరిదిద్దు మందు లేదా యని మీరడుగుదురు. మేమును మా కుమార్తెను ఇదే యడిగితిమి. తఱిగినవానిని బయటినుండి యిచ్చుట, హెచ్చినవాని నడ్డగించుట యను రెండు మార్గములలో ప్రయత్నములు సాగుచున్నవి. మిర్-34 అనుదానికి బ్రతిరూపమైన యొక మందును 2013లో కొందఱు క్యాన్సరు రోగులపై బరీక్షింప మొదలిడిరి. రోగుల దేహరక్షణ వ్యవస్థ తీవ్రముగా బ్రతిఘటించి యపాయములు గలుగుటచే 2016లో ఆ పరీక్షను నిలిపివేసిరి. ఒకే సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ వందలాది సందేశముల నంటునని ముందే చెప్పితిమి. ఒక దారము లాగినచో ఎన్ని పోగులు కదలునో చెప్పుట కష్టము. కావున అన్నవాహిక క్యాన్సరునకు సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ మందు నేటికిని వైద్యశాలలకు రాలేదు. రక్తమునందలి సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలనుబట్టి రోగమును ముందుగా బసిగట్టు ప్రయత్నములు పరిశోధనలో నున్నవి. అవి యింకను గొట్టపు పరీక్షకు బదులు కాజాలవు. ఎవరైన నట్టి మందు తమయొద్ద గలదని సొమ్ము గుంజవచ్చినచో నమ్మవలదు.

నిరాశ చెందవలసిన పని లేదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వమున తయారైన అమినాప్టెరిన్‌ను బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు రక్త క్యాన్సరు సోకిన బాలుర కిచ్చి, కొందఱికి దాత్కాలికముగా రోగము తగ్గినదని 1948లో ప్రకటించెను. ఆ చిన్న యడుగు వెనుకనే, నేటికిని వాడుకలోనున్న మెథోట్రెక్సేట్ అను మందు ప్రాచుర్యము పొందినది. శాస్త్రము తన యడుగులు తాను వేయును. మనము వేయవలసిన యడుగు వేఱు.

బీడీ, చుట్ట, సిగరెట్టు, జర్దా, గుట్కా, పొగాకు కలిపిన వక్క, ఏ రూపమున నున్నను మద్యము, ఇవి యన్నవాహిక క్యాన్సరునకు రుజువైన హేతువులు. పొగయు మద్యమును గలసినచో అపాయము ఇనుమడించును. 65 డిగ్రీలకు మించిన వేడి గల పానీయములును క్యాన్సరునకు హేతువు కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు జెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో నిర్ణయించెను. పొగాకు పొగ శ్వాసమార్గపు కణములయందలి సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల మోతాదులనే మార్చుచున్నదని 2009లో దెలిసినది. ఆదిలాబాదు అడవుల తునికాకు మన స్త్రీల యొడిలో బీడీగా మాఱి ఎన్నో సంసారములను నిలిపినది. ఆ చేతుల కష్టమును నిందించుటకు మేము రాలేదు. చుట్టిన చేయి యన్నము సంపాదించినది. కాల్చిన నోరు అన్నము దిగకుండ జేసికొన్నది. ఈ రెండవదానిని మాత్రము మానుదము.

ఇప్పుడు మేము ఈ సభకు ముఖ్యముగా జెప్పదలచిన మాట. సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల యందలి యీ మార్పులు ఆ రోగియొక్క అన్నవాహిక కణములయందు, ఆయన జీవితకాలమున, ఆ గడ్డయందే పుట్టినవి. బీజకణములయందు గాదు. కావున అవి కుమార్తెకు సంక్రమింపవు. అరచేతులు, అరికాళ్లు దళసరియగు నొక యరుదైన వంశానుగత వ్యాధి గలవారికి అన్నవాహిక క్యాన్సరు రావచ్చును. అది యెక్కడనో యొక కుటుంబమునకు సంబంధించిన మాట. తక్కినవారి విషయమున తండ్రి రోగమునకై కూతురి సంబంధము చెఱచుట యజ్ఞానము. ఇది అంటురోగమును గాదు. ఒక కంచమున దినినను రాదు. కాని యీ యజ్ఞానమునకు వెఱచి రోగి నోరు మూసికొన్న ప్రతి నెలయు కణముల ప్రయాణమునకు మనమిచ్చిన గడువు. మా చెల్లెలి పెనిమిటిని క్యాన్సరు చంపినది. ఆ క్యాన్సరునకు ఏడు నెలల గడువిచ్చినది మా పాండిత్యమును, మన కులములోని గుసగుసయును.

కావున సభవారికి మూడు ప్రార్థనలు. మన సంఘ వివాహ పరిచయ వేదికలయందు, తలిదండ్రులకు క్యాన్సరున్నదను కారణమున సంబంధము నిరాకరింపరాదని పెద్దలు బహిరంగముగా బ్రకటింపవలెను. ముద్ద పలుమాఱు అడ్డుపడినను, కారణము లేకయే బరువు తగ్గినను, ఆ వారముననే వైద్యునిచే గొట్టపు పరీక్ష చేయించుకొనవలెనని ప్రతి శాఖ తన సభ్యులకు దెలుపవలెను. పరీక్షకై దూరమేగు రోగికి దోడుగా బోవుటకు ప్రతి మండలమున నిద్దఱు యువకులను నియమింపవలెను. హైదరాబాదునందు 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ప్రభుత్వ వైద్యశాల గలదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము పరిమితి 2023 డిసెంబరున తెలంగాణయందు పది లక్షల రూపాయలకు బెంచబడినది. ఆదిలాబాదునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. మన వారిలో ననేకులకు వైద్యము లేక గాదు, దారి జూపువాడు లేక యాలస్యమగుచున్నది. లోపొర దాటని గడ్డను గొట్టము ద్వారానే తీసివేయు నవకాశ మున్నది. కొంత లోతైనదానికి శస్త్రచికిత్సయు, మందులును, కిరణ చికిత్సయు గలవు. కణము ఇల్లు విడువక ముందే మనము ఇల్లు విడిచి వైద్యశాలకు జేరవలెను.

శొంఠి శ్లోకము మాకిప్పటికిని గంఠస్థమే. ఆనాటినుండి దానిని మఱల నెవరికిని జదివి వినిపింపలేదు. మీ యింట నెవరైన రొట్టె దిగుట లేదన్నచో, మావంటి పండితుని యొద్దకు బంపకుడు. 

స్వస్తి.